ఒక రొయ్య వెంట నడిచి ప్రపంచీకరణను తెలుసుకోవడం ఎలా: చెన్నైలోని తెలుగువారి కోసం

ఈ పనికి కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి, నాలుగైదు ఆదివారాలు, ఊళ్ళో మనల్ని కూర్చోబెట్టి ఓపికగా మాట్లాడే బంధువు ఒకరు ఉంటే చాలు. ప్రపంచీకరణకు కారణాలేమిటి, దానివల్ల వచ్చిన చిక్కులేమిటి, నేలకూ నీటికీ జరిగినదేమిటి అన్న మూడు ప్రశ్నలకు పరీక్షలో రాయవలసిన జవాబులు డిగ్రీ చదివిన వారందరికీ తెలిసినవే. ఆ జవాబులను కంటితో చూసి, చేత్తో కొలిచి, పక్కవారికి చూపించగలిగే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చెన్నైలో ఆర్థికశాస్త్రం బోధిస్తున్నవాణ్ణి. ఏటా కొందరు విద్యార్థులను వెంటబెట్టుకుని ఈ దారిన తిరుగుతాను కాబట్టి, ఎక్కడ అడుగు తడబడుతుందో నాకు కొంత తెలుసు.

ముందుగా నోటుపుస్తకం తెరిచి ఎడమ పేజీకి ‘కదిలేవి’ అని, కుడి పేజీకి ‘మిగిలేవి’ అని శీర్షికలు పెట్టుకోండి. సరుకు, డబ్బు, యంత్రం, విత్తనం, రోగం, నిబంధన, ధర, వీటిలో ఒక దేశం నుంచి మరో దేశానికి ప్రయాణం చేసేది ఏదైనా ఎడమవైపు రాయాలి. ఉప్పెక్కిన బావి, చెరువు అడుగున పేరుకున్న బురద, అప్పు పత్రం, ఏటి ఒడ్డున బూడిద, ఇలా సరుకు వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ చోటనే ఉండిపోయేది ఏదైనా కుడివైపు రాయాలి. మంచివి కూడా మిగులుతాయి. కొత్తగా కట్టుకున్న డాబా, కూతురి ఇంజనీరింగు చదువు, ఊరికి పడిన రోడ్డు కుడి పేజీలోనే చేరాలి. లాభాలు, నష్టాలు అని రెండు గడులు గీసుకుంటే మనకు ముందే ఉన్న అభిప్రాయం వచ్చి వాటిని నింపేస్తుంది. కదిలేవి, మిగిలేవి అని గీసుకుంటే అభిప్రాయం కంటే ముందు కళ్ళు పని మొదలుపెడతాయి.

వస్తువును ఎంచుకోవడం

విద్యార్థులు చాలామంది మొదట సెల్‌ఫోనును ఎంచుకుంటారు. ఫోన్లు తయారయ్యే శ్రీపెరుంబుదూరు దగ్గరలోనే ఉంది కదా అన్నది వారి ధైర్యం. అయితే అక్కడ ప్రహరీగోడ దాటి మనం చూడగలిగేది ఏమీ ఉండదు. ఫోనులోని కోబాల్టు కాంగోలో పుట్టి, చైనాలో శుద్ధి అయి వస్తుంది కాబట్టి మనం నడిచి చేరుకోగలిగిన మజిలీ ఒక్కటీ దొరకదు. చొక్కా కొంత నయం. ఆదోని మార్కెట్టులో పత్తి, తిరుప్పూరులో అద్దకం, చెన్నై రేవులో కంటెయినరు చూడవచ్చు. నొయ్యల్ నదిలోకి అద్దకపు నీరు చేరుతున్నందుకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకం యూనిట్లను మూసివేయించిన కథ కూడా ఆ దారిలోనే ఉంది. సమయం, ప్రయాణపు ఖర్చు సమకూరేవారు చొక్కాను తీసుకోవచ్చు.

నా సలహా మాత్రం వెన్నామీ రొయ్య. ఇది పసిఫిక్ మహాసముద్రానికి తూర్పు ఒడ్డున, మెక్సికో నుంచి పెరూ వరకు ఉన్న తీరంలో సహజంగా బతికే జీవి. మన సముద్రంలో పుట్టినది కాదు. దాని తల్లిరొయ్యలు విమానంలో చెన్నైకి దిగుతాయి, పిల్లలు కోస్తాంధ్ర హ్యాచరీలలో పుడతాయి, మన జిల్లాల చెరువులలో పెరుగుతాయి, గడ్డకట్టిన పెట్టెలలో అమెరికాకు పోతాయి. సాగును నియంత్రించే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ కార్యాలయమూ, ఉప్పునీటి సాగుపై పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీబా ప్రధాన కార్యాలయమూ చెన్నైలోనే ఉన్నాయి. పైగా చెన్నైలోని తెలుగు కుటుంబాలలో నెల్లూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల వైపు చెరువు ఉన్న చుట్టం ఎవరో ఒకరు ఉంటారు. ప్రశ్న అడగడానికి మనిషి దొరకడం ఈ పనిలో సగం బలం.

కారణాలను రాసే పద్ధతి

ప్రపంచీకరణకు కారణం 1991 నాటి సంస్కరణలు అని ఒక్క వాక్యంలో తేల్చేయవద్దు. ఈ రొయ్య ఇక్కడికి రావడానికి ఏయే తలుపులు తెరుచుకోవలసి వచ్చిందో వెనక్కి లెక్కపెట్టండి. అన్నిటికంటే దగ్గరి తలుపు రోగం. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చల వైరస్ వచ్చి మన టైగరు రొయ్య చెరువులను ఊడ్చేసింది. ఆ దెబ్బ తరువాత ఏళ్ళ తరబడి రైతులు కోలుకోలేకపోవడంతో, నిర్దిష్టమైన రోగాలు లేనివిగా పరీక్షించి పెంచిన వెన్నామీ తల్లిరొయ్యలను దిగుమతి చేసుకుని సాగు చేయడానికి 2009లో అనుమతి వచ్చింది. అంటే ఒక వైరస్ చేసిన ఖాళీలోకి మరో ఖండపు జీవి వచ్చి కూర్చుంది. ఆర్థికశాస్త్రపు పుస్తకంలో ఈ కారణం కనబడదు. చెరువు గట్టు మీద మాత్రం మొదట చెప్పేది ఇదే.

రెండవ తలుపు పెట్టె. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే అమెరికా లారీల వ్యాపారి, ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 లోహపు పెట్టెలను నూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. సరుకును మూటలుగా మోసి ఎక్కించే కూలి ఖర్చు దానితో పడిపోయి, దూరం అనేది ధరలో చిన్న భాగంగా మారిపోయింది. మద్రాసు రేవులో కంటెయినర్ల కోసమే ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ 1983లో వచ్చింది. ఆ పెట్టెకే శీతల యంత్రం తగిలించి లోపల సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉంచగలిగిన తరువాత, నెల్లూరు చెరువులోని రొయ్య నెలల తరువాత కూడా అమెరికా వంటింట్లో వండుకోవడానికి పనికివచ్చింది. మూడవ తలుపు చట్టం. విదేశీ మారకపు నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితిలో, పీవీ నరసింహారావు ప్రభుత్వం 1991 జులైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించింది. ఆ నెల 24న మన్మోహన్‌సింగ్ బడ్జెట్ వచ్చింది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది. రూపాయి చవకైతే బయట కొనేవారికి మన సరుకు చవక అవుతుంది అన్న సూత్రాన్ని ఇక్కడ విద్యార్థి చేత లెక్క వేయించండి. డాలరుకు వచ్చే రూపాయలు పెరిగితే రొయ్య ఎగుమతిదారు చేతిలో ఏమి మారుతుందో వాళ్ళే చెబుతారు.

ఇంకా వెనక్కి వెళ్ళదలచినవారు ఫోర్ట్ సెయింట్ జార్జి ముందు ఒక పూట నిలబడవచ్చు. 1639లో ఈస్టిండియా కంపెనీ తెలుగు ప్రభువులైన దామెర్ల నాయకుల దగ్గర ఈ ఇసుక తీరాన్ని పుచ్చుకున్నది బట్టల కోసమే. ఇక్కడి అద్దకపు బట్ట చవకగా దొరుకుతుందన్నదే ఆ కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే లెక్క. ఆ నాయకుల తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం ఏర్పడిందని ప్రసిద్ధి. అంటే మనం నివసించే నగరమే ఒక ఎగుమతి సరుకు కోసం పుట్టినది. తెలుగు సంతకంతో పుట్టినది. నోటుపుస్తకంలో దీనికి అరపేజీ చాలు.

మొదటి ఆదివారం: నీలాంగరై, కాసిమేడు

ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద నీలాంగరైలో దిగుమతి తల్లిరొయ్యలను ఉంచి పరీక్షించే క్వారంటైన్ కేంద్రం ఉంది. హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి వచ్చిన రొయ్యలను అక్కడ కొన్నాళ్ళు విడిగా ఉంచి, రోగం లేదని తేలిన తరువాతనే హ్యాచరీలకు పంపుతారు. అనుమతి లేకుండా లోపలికి రానివ్వరు, అది సరైన పద్ధతే. మన చెప్పుల మట్టితో కూడా రోగం పోగలదు. బయటనుంచే చూసి ఎడమ పేజీలో ఇలా రాయండి: సరుకుతోపాటు రోగం కూడా కదులుతుంది కాబట్టి, దాన్ని ఆపే గది ఒకటి కట్టవలసి వచ్చింది. ఆ గది ఖర్చు కూడా ప్రపంచీకరణ ఖర్చే.

మరునాడు తెల్లవారుజామున కాసిమేడు చేపల రేవుకు వెళ్ళండి. నాలుగు గంటలకే అక్కడ వేలంపాట మొదలైపోయి ఉంటుంది కాబట్టి దారికి అడ్డం నిలబడకుండా, జారని చెప్పులతో, ఫోను జేబులోనే పెట్టుకుని తిరగాలి. మొదట ఏదైనా కొనండి, ఆ తరువాత ప్రశ్న అడగండి. కొనని మనిషికి జవాబు చెప్పే తీరిక ఆ వేళ ఎవరికీ ఉండదు. సముద్రంలో పట్టిన రొయ్యలు ఒకే తట్టలో చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, రంగులు వేరువేరుగా ఉంటాయి. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి. తరువాతి ప్రయాణంలో మీరు చూడబోయే చెరువు రొయ్యలు ఒకే వయసువి, దాదాపు ఒకే తూకంవి. విదేశీ కొనుగోలుదారు అడిగేది ఆ ఒకే తీరునే.

రెండవ ప్రయాణం: చెరువు గట్టు

నెల్లూరు వైపు రైలెక్కి, చెరువులో పంట నిలిచి ఉన్న రోజుల్లో వెళ్ళండి. గట్టు మీద నిలబడగానే ధర గురించి అడగకూడదు, ఎందుకంటే ధర అడిగిన మనిషిని వ్యాపారి అనుకుంటారు. సీడ్ (రొయ్యపిల్లలు) ఏ హ్యాచరీది, ఎన్ని లక్షలు వదిలారు, ఎన్ని రోజుల పంట, మేత ఏ కంపెనీది, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎన్ని తిరుగుతున్నాయి, కరెంటు పోతే జనరేటరుకు డీజిలు ఎంత అన్న వరుసలో వెళితే మాట దానంతట అదే రొయ్యలు పట్టే రోజు, అంటే పట్టుబడి దగ్గరకు, కౌంటు దగ్గరకు వస్తుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది కౌంటు. 100 కౌంటు అంటే ఒక్కొక్కటి 10 గ్రాములు, 30 కౌంటు అంటే 33 గ్రాములు.

వెన్నామీని చదరపు మీటరుకు 60కి మించి వదలకూడదన్నది అథారిటీ నిబంధన. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు కాబట్టి, ఎకరం చెరువులో పరిమితి సుమారు 2 లక్షల 43 వేల పిల్లలు. రైతు చెప్పిన సంఖ్యను ఈ లెక్కతో పోల్చి చూసుకోండి, అయితే అక్కడే నిలదీయవద్దు. మనం తనిఖీ అధికారులం కాము. మొత్తం మేత బరువును పట్టిన రొయ్య బరువుతో భాగిస్తే, బాగా నడిచిన చెరువులో 1.2 నుంచి 1.5 మధ్య వస్తుంది. ఆ మేతలో సోయా పిండి ఉంది, సముద్రపు చిన్నచేపలను ఎండబెట్టి నూరిన పొడి ఉంది. చెరువు సాగు సముద్రం మీద భారం తగ్గిస్తుందని వినబడే మాటను నేను పూర్తిగా నమ్మకపోవడానికి ఈ మేత బస్తాయే కారణం. తిననిదీ, తిని విడిచినదీ చెరువు అడుగున నల్లటి బురదై చేరుతుంది. పట్టుబడి నాడు నీటితోపాటు అది ఎక్కడికి పోతుందో, మధ్యలో శుద్ధి చెరువు ఉందో లేదో, కాలువ ఏ ఉప్పుటేరులో కలుస్తుందో చివరి వరకు నడిచి చూడటం ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన పని. చాలామంది గట్టు దగ్గరే ఆగి వెనక్కి వచ్చేస్తారు. కుడి పేజీ నిండేది గట్టు దాటిన తరువాతనే.

నీటిని కొలవడం

టీడీఎస్ మీటరు వాడటం సులువే, తప్పుగా వాడటం ఇంకా సులువు. చిన్న మీటర్లు లీటరుకు సుమారు 10,000 మిల్లీగ్రాముల వరకే చూపుతాయి. సముద్రపు నీటిలో అది 35,000 దాకా ఉంటుంది; చెరువు నీరు మధ్యలో ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి ఒక గ్లాసు చెరువు నీటిని తొమ్మిది గ్లాసుల ఆర్వో నీటిలో కలిపి కొలిచి, వచ్చిన అంకెను పదితో గుణించాలి. ఆర్వో నీటిని విడిగా కొలిచి, ఆ అంకె బాగా తక్కువగా ఉందని ముందే చూసుకోవాలి. ప్రతి కొలతకు ముందు మీటరు కొనను మంచినీటితో కడిగి తుడవాలి.

నాలుగు చోట్ల కొలవండి: చెరువు, కాలువ, చెరువు పక్క బావి లేదా బోరు, ఉప్పుటేరుకు అంతే దూరంలో ఉండి చెరువులు లేని చోటి బావి. ఈ నాలుగవది మరిచిపోతే మిగతా మూడు కొలతలకూ విలువ ఉండదు. తీరానికి దగ్గరి భూమిలో సహజంగానే ఉప్పు ఉండవచ్చు. బోర్లు ఎక్కువగా తోడినా సముద్రపు నీరు లోపలికి పాకుతుంది. చెరువు లేని చోటి బావితో పోల్చినప్పుడు మాత్రమే చెరువు వంతు ఎంతో ఊహించగలం. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం 500 వరకు మంచిది, వేరే నీరు లేనప్పుడు 2,000 వరకు అనుమతి. వరి విషయంలో నీటిని కాక నేలను పరీక్ష చేయించాలి. మట్టిని నీటితో తడిపి తీసిన సారపు విద్యుద్వాహకత (ఉప్పు ఎంత ఉంటే అది అంత పెరుగుతుంది) మీటరుకు 3 డెసీసీమెన్లు దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. కయ్య చౌడుబారింది అని మన రైతు ఒక్క మాటలో చెప్పేది దీన్నే.

మొదటిసారి నేను ఈ మీటరును మా పిన్ని ఇంటికి తీసుకువెళ్ళినప్పుడు, అది తీయకముందే నాకు కొలత దొరికింది. స్టవ్ పక్కన రెండు బిందెలు ఉన్నాయి. ఒకటి గిన్నెలు కడగడానికి బావి నీళ్ళు, రెండవది డబ్బు పెట్టి కొన్న క్యాను నీళ్ళు. నేను తెలియక బావి నీళ్ళతో టీ పెట్టబోతే, ‘ఆ నీళ్ళు పోస్తే పాలు విరిగిపోతాయి నాయనా, ఈ బిందెలోవి ముంచుకో’ అంది. ఇరవై ఏళ్ళ కిందట ఆ బావి నీళ్ళతోనే ఆ ఇంట్లో అన్నం వండేవారు. ఆ బావికి నూరు గజాల దూరంలో ఉన్న చెరువు మా తమ్ముడిదే. ఆ చెరువు మీద వచ్చిన డబ్బుతోనే ఇంటికి పై అంతస్తు లేచింది, అమ్మాయి చదువు పూర్తయింది. నేను కుడి పేజీలో మూడింటినీ ఒకదాని కింద ఒకటి రాశాను. పై అంతస్తు, చదువు, రెండు బిందెలు. ఏ ఒక్కదాన్నీ కొట్టేయడానికి నాకు మనసు రాలేదు, కొట్టేయకూడదు కూడా.

ధర ఎక్కడ తయారవుతుందో చూడటం

సవాళ్ళు అనే మాటను పట్టుబడి రోజు అర్థం చేసుకోవడం తేలిక. తమ్ముడు చెరువులో వల వేయక ముందే ఫోనులో ఆ రోజు కౌంటు ధర వచ్చేస్తుంది. ఆ ధర నెల్లూరులో తయారు కాదు. 2024-25లో మన దేశం సుమారు 62,400 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసింది. అందులో గడ్డకట్టిన రొయ్యదే సింహభాగం, కొనేవారిలో అమెరికా మొదటిది. 2025 ఆగస్టు 27న అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేని రైతు చెరువులో రొయ్యలు రోజూ మేత తింటూనే ఉన్నాయి. ధాన్యమైతే గోడౌనులో పెట్టుకుని ధర కోసం ఎదురుచూడవచ్చు. రొయ్యను ఆపితే మేత ఖర్చు పెరుగుతుంది, రోగం వచ్చే భయమూ పెరుగుతుంది. ప్రపంచీకరణలో రిస్కు ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రెండవ సవాలు పరీక్ష. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో యూరోపియన్ యూనియన్ 2016 నుంచి మన సాగు రొయ్యల సరుకులో సగానికి తనిఖీ తప్పనిసరి చేసింది. ఇందులో నాకు రైతు మీద సానుభూతి ఉన్నా, నిబంధన మీద కోపం లేదు. చెరువులో పోసిన మందు రొయ్యతోపాటు కాలువలోకి కూడా పోతుంది. అక్కడ దాన్ని పరీక్షించేవారు ఎవరూ లేరు. విదేశీ వినియోగదారుడి పళ్ళెం కోసం వచ్చిన నిబంధన మన కాలువకు కూడా కొంత మేలు చేసిందని ఎడమ పేజీలో రాసుకోవాలి. మూడవది, తలలు తీసి ఒలిచే షెడ్లలోని ఆడవాళ్ళ పని. వారితో మాట్లాడాలంటే పని ముగిసి ఇంటికి వచ్చాక, వారి ఇంట్లో కూర్చుని మాట్లాడాలి. పేర్లు రాయకూడదు, ముఖాల ఫోటోలు తీయకూడదు. మంచుగడ్డల మధ్య గంటల తరబడి ఉన్న వేళ్ళ గురించి, కూలి రోజు లెక్కనా కిలో లెక్కనా అన్న దాని గురించి, కాంట్రాక్టరు ఎవరన్న దాని గురించి అడిగితే చాలు.

న్యాయస్థానం ఈ విషయంలోకి వచ్చిన తేదీ ఒకటి గుర్తుంచుకోండి. నాగపట్నం ప్రాంతంలో పొలాలూ, తాగునీరూ ఉప్పుబారడం చూసిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతికి చెందని రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పు ఇచ్చింది. ఆ తరువాత 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంతో రిజిస్ట్రేషను విధానం ఏర్పడింది. కాబట్టి ఏ చెరువు గట్టు మీదనైనా రిజిస్ట్రేషను ఉందా అన్న ప్రశ్న అడగడం మన హక్కు.

ఎన్నూరు: సరుకు వెళ్ళిపోయే చోట

చివరి ఆదివారం సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట వైపు వెళ్ళే లోకల్ రైలు ఎక్కండి. ఆ పెట్టెలో తెలుగు తమిళం కలిసిపోయి వినబడుతుంది. ఎన్నూరులో దిగితే కొసస్తలై నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళవచ్చు. మన నగరి వైపు కుశస్థలి అని పిలుచుకునే నది అదే. ఒకవైపు థర్మల్ కేంద్రాలు, ఒకవైపు కామరాజర్ రేవు, కొంచెం పైన కాట్టుపల్లి రేవు. మన దేశపు బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ బూడిదే. ఆ బూడిదను నీటిలో కలిపి గొట్టాల ద్వారా పంపేటప్పుడు కారినది ఏటి అడుగున చేరింది.

ఇక్కడ ఒక సంగతిని తప్పక రాసుకోండి. చెన్నై రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దించేటప్పుడు లేచే దుమ్ము మీద కేసు నడిచి, 2011లో హైకోర్టు ఆదేశంతో ఆ సరుకు అక్కడ ఆగిపోయింది. రాయపురం వైపు ఇళ్ళ మీద నల్ల దుమ్ము తగ్గింది. బొగ్గు మాత్రం ఆగలేదు, ఎన్నూరుకు మారింది. కాలుష్యం తగ్గిందని వార్త చదివినప్పుడల్లా అది తగ్గిందా, చిరునామా మారిందా అని అడగడం నేను ఈ ఊరిలోనే నేర్చుకున్నాను.

ఏటి ఒడ్డున నిలబడి చేపలు పట్టేవారిని ‘కాకా ఆళి’ గురించి అడగండి. ఒక పెద్దాయన బురదలో చెయ్యి పెట్టి ఒక గడ్డను పైకి తీసి మా విద్యార్థులకు చూపించాడు. వేలి గోరంత నల్లటి గుల్లలు వందలు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో బురద ఇరికి, విడదీయబోతే వేళ్ళు గీసుకుపోయేంత పదునుగా ఉన్నాయి. ఇవి మధ్య, దక్షిణ అమెరికా తీరాల ఆల్చిప్పలు. ఓడలు బరువు నిలుపుకోవడానికి ఒక రేవులో నింపుకుని మరో రేవులో వదిలే బాలస్టు నీటిలోనో, ఓడ అడుగున అంటుకునో ఇలాంటివి ప్రయాణిస్తాయి. ఏటి అడుగున ఇవి చాపలా పరుచుకుంటే, ఒకప్పుడు అక్కడ బురదలో చేత్తో తడిమి పట్టుకునే రొయ్యకు చోటు ఉండదు. బాలస్టు నీటిని శుద్ధి చేసి వదలాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2017 సెప్టెంబరు 8న అమలులోకి వచ్చింది. ఎన్నూరు ఏటికి అది ఆలస్యమే. ఒక అమెరికా రొయ్యను మనం పరీక్ష చేసి, క్వారంటైనులో పెట్టి, అనుమతితో తెచ్చుకున్నాము. ఒక అమెరికా ఆల్చిప్ప ఎవరినీ అడగకుండా వచ్చి మన రొయ్య ఇంటిని ఆక్రమించింది. నీలాంగరైలో రాసుకున్న వాక్యం పక్కన దీన్ని రాయండి.

దేన్ని ప్రపంచీకరణ ఖాతాలో వేయాలి

కుడి పేజీలు నిండిన తరువాత ప్రతి అంశానికీ ఒకే ప్రశ్న వేయండి: ఈ సరుకు మన రాష్ట్రం దాటకుండా ఇక్కడే అమ్ముడై ఉంటే ఈ నష్టం జరిగేదా? ఆల్చిప్పకు జవాబు స్పష్టం. ఓడలు రాకపోతే అది వచ్చేది కాదు. ఏటిలోని బూడిదకు జవాబు వేరు. ఆ కరెంటులో ఎక్కువ భాగం మన ఇళ్ళలో, మన ఫ్యాన్ల కింద ఖర్చవుతుంది. శీతల గిడ్డంగులకూ, ఎగుమతి కర్మాగారాలకూ పోయే వంతు వరకే ప్రపంచీకరణ ఖాతాలోకి వస్తుంది. పిన్ని బావికి జవాబు మధ్యలో ఉంటుంది. స్థానికంగా తినడానికే అయితే అన్ని చెరువులు తవ్వి ఉండేవారు కాదు. కానీ శుద్ధి చెరువు కట్టకుండా కాలువలోకి నీరు వదిలింది విదేశీయుడు కాదు. దక్షిణ చెన్నైలోని పళ్ళికరణై చిత్తడి నేలకు కూడా ఇదే పరీక్ష పెట్టవచ్చు. ఐటీ కారిడారు విదేశీ ఖాతాదారుల పని మీద పెరిగింది, పెరుంగుడి చెత్తదిబ్బ మాత్రం మన ఇళ్ళలోనుంచే పెరిగింది. 2022లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడిగా గుర్తింపు వచ్చే నాటికి ఆ చిత్తడిలో ఒకప్పటి విస్తీర్ణంలోని కొంత భాగమే మిగిలింది. ఈ ప్రశ్న వేయకుండా అన్నిటినీ ప్రపంచీకరణ మీదకు నెట్టేస్తే, పంచాయతీ కార్యాలయంలో అడగవలసిన ప్రశ్న కూడా వాషింగ్టన్‌కు పోతుంది.

రాసుకున్న దానితో ఏమి చేయాలి

కొలతలు తేదీ, సమయం, స్థలం, వాన పడి ఎన్ని రోజులైంది అన్న వివరాలతో సహా రాసి ఉంటే వాటికి బలం ఉంటుంది. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఫలానా గ్రామంలో రిజిస్టరైన చెరువుల జాబితానూ, తనిఖీ నివేదికలనూ అథారిటీని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రేవు విస్తరణ వంటి పెద్ద ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. ఆ సభలో ఆవేశంగా మాట్లాడిన మాటకంటే, మూడేళ్ళ కొలతల కాగితం చేతికిచ్చి మినిట్సులో చేర్చమని అడిగిన మాట నిలుస్తుంది. అక్కడా పని కాకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలోనే ఉంది. ఆంధ్ర తీరపు ఫిర్యాదులు కూడా అక్కడికే వస్తాయి.

మరో వస్తువుతో మొదలుపెట్టాలనుకునేవారు పాత ఫోనును చివరి నుంచి వెనక్కి నడవవచ్చు. 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే, లెక్కకు వచ్చే పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. మీ పేటలోని పాత సామాన్ల కొట్టు దగ్గర ఆ మిగతా భాగం ఎక్కడికి పోతుందో అడగండి. అదే ఫోను తయారైన శ్రీపెరుంబుదూరులో 2006లో తెరుచుకున్న నోకియా కర్మాగారం 2014లో మూతపడింది, పనిచేసిన ఆడపిల్లలు ఊళ్ళకు తిరిగి వెళ్ళారు. ఫ్యాక్టరీ కూడా కదిలే వస్తువే అని ఎడమ పేజీలో రాయవలసి వస్తుంది.

కొలతను ఒక్కసారితో ఆపవద్దు. నేను ఏటా సంక్రాంతికి ఒకసారి, మే నెలలో ఒకసారి పిన్ని బావి దగ్గర కూర్చుంటాను. వానలు పడిన తరువాత అంకె దిగుతుంది, ఎండాకాలంలో లేస్తుంది. ఏడాది ఏడాదికీ తేడా చూడాలంటే ఒకే నెలలోని అంకెలనే పక్కపక్కన పెట్టాలి. కిందటి మేలో తమ్ముడే చేద వేసి నీళ్ళు తోడి, మీటరు నా చేతిలోనుంచి తీసుకుని, అంకెను రెండుసార్లు చదివి పుస్తకంలో తన చేత్తో రాశాడు. ఆ తరువాత గట్టు అవతల ఖాళీగా ఉన్న ఇరవై సెంట్ల మూలను చూపించి, శుద్ధి చెరువుకు అది సరిపోతుందేమో సీబా వాళ్ళను కనుక్కుని రమ్మన్నాడు.